టాయ్ షోకు తొలిసారి వెళుతున్నాను: బల్ల ముందు నిలబడి ఏమేమి చూడాలి?

#1 · కొత్తచూపు

అందరికీ నమస్కారం. పాత బొమ్మల సేకరణలో నేను కొత్తవాడిని. ఇంతవరకు కొన్నవన్నీ తెర మీద ఛాయాచిత్రాలు చూసి తెప్పించుకున్నవే కావడం వల్ల, వాటిలో సగానికి పైగా పెట్టె విప్పిన క్షణంలోనే నాలుక కరుచుకునేలా చేశాయి. వచ్చే ఆదివారం మా దగ్గరలో ఒక టాయ్ షో, అంటే బల్లల మీద పాత బొమ్మలు పెట్టి అమ్మే సంత, జరుగుతోంది. వస్తువును చేతిలోకి తీసుకుని చూసే అవకాశం నాకు ఇదే మొదటిసారి.

నాకు ముఖ్యంగా కావలసినది ఒక్కటే: కోర్గీ బొమ్మల సంస్థ 1965లో విడుదల చేసిన 261వ నంబరు ఆస్టన్ మార్టిన్ డీబీ5, అంటే జేమ్స్ బాండ్ కారు. అది చిన్నప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర ఉండేది. దాన్ని నా చేతికి ఇచ్చింది రెండే రెండు సార్లు. ఆ రెండుసార్లూ పైకప్పు తెరుచుకుని మనిషి బయటికి ఎగిరిపడటం చూశాను. అది కాక, మంచివి కనిపిస్తే ఇతర డైకాస్ట్ (అచ్చులో పోసిన లోహపు) కార్లు, రేకు బొమ్మలు కూడా తీసుకోవాలని ఉంది. బల్ల ముందు నిలబడినప్పుడు మీరు మొదట ఏమి చూస్తారో, ఏది కనిపిస్తే వెనక్కి తగ్గుతారో వివరంగా చెప్పగలరా?

#2 · తుప్పుచక్రం

కొత్తచూపు గారూ, ముందుగా ఒక అపోహను తొలగించుకోండి. మీరు కోరుకుంటున్న కారు అరుదైనది కాదు. అది లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది కనుక కాస్త పెద్ద టాయ్ షో ఏదైనా సరే, ఒకటో రెండో తప్పక కనిపిస్తాయి. అరుదుగా దొరికేది అన్ని భాగాలూ ఉండి, అన్నీ పనిచేసే కారు. ఎగిరిపడే ఆ చిన్న మనిషి తొలి వారంలోనే ఏ బీరువా కిందికో దొర్లిపోయి ఉంటాడు. కొన్నప్పుడు పెట్టెలో ఒక అదనపు మనిషి, రహస్య సూచనల కాగితం ఉన్న చిన్న కవరు కూడా వచ్చేవి. ఆ కవరుకు ఈ రోజు విడిగానే విలువ ఉంది.

రంగు విషయానికి వస్తే, సినిమాలోని కారు వెండి రంగుదే అయినా 1965 నాటి 261 బంగారు రంగులో వచ్చింది. అంతకుముందు 1960లో తెచ్చిన 218వ నంబరు డీబీ4 అచ్చును సవరించి దీనిని తయారు చేశారు. వెండి రంగుది 1968లో 270వ నంబరుతో వచ్చింది. దానికి తిరిగే నంబరు పలకలు, చక్రాల నుండి పొడుచుకువచ్చే కత్తులు అదనంగా చేర్చారు. 1978లో వచ్చిన 271 మరింత పెద్దది, 1:36 కొలతలోనిది, అంటే అసలు కారు పొడవులో 36వ వంతు. అమ్మేవారు అబద్ధం చెప్పనవసరం లేదు. ‘పాత బాండ్ కారు’ అని ఒక్క మాట అని ఊరుకుంటే చాలు, తేడా తెలియనివారు 271ని 261 అనుకుని సంతోషంగా తీసుకువెళతారు.

చేతికి తీసుకున్నాక ఈ వరుసలో చూడండి. అమ్మేవారి అనుమతి తీసుకుని వెనుక పొగగొట్టాన్ని నొక్కండి. వెనుక అద్దానికి అడ్డంగా కవచం లేవాలి. పక్కనున్న మీటను కదిపితే ముందు తుపాకులు బయటికి రావాలి. ఆ తరువాత పైకప్పు. ఇవన్నీ పనిచేసినా సంబరపడకుండా, కారును తిరగేసి అడుగు రేకును పట్టి ఉంచే రివెట్లను భూతద్దంతో చూడండి. కర్మాగారంలో నొక్కిన రివెట్టు తల గుండ్రంగా, నునుపుగా, చుట్టూ ఒకేరకమైన మాసిన రంగుతో ఉంటుంది. నడిమధ్య కొత్త లోహపు మెరుపు ఉన్నా, జిగురు అంచు కనిపించినా, రివెట్టు స్థానంలో మర ఉన్నా ఆ కారును ఎవరో విప్పారన్నమాట. విప్పిన కారుకు రంగు మార్చి ఉండవచ్చు, లోపలి భాగాలు మార్చి ఉండవచ్చు. పైన పటారం, లోన లొటారం అనే మాట ఈ కార్లకు సరిగ్గా సరిపోతుంది.

#3 · రేకుగుర్రం

నేను చెప్పేది వస్తువు గురించి కాదు, నడక గురించి. తలుపులు తెరిచిన వెంటనే మొదటి బల్ల దగ్గర ఆగిపోకండి. ఒక చుట్టు వేగంగా తిరిగి, ఏ బల్ల మీద ఏముందో మనసులో గుర్తు పెట్టుకుని, రెండవ చుట్టులో కొనండి. ఒకే కారు నాలుగు బల్లల మీద నాలుగు స్థితులలో కనిపించినప్పుడుగాని దేనిని మంచి స్థితి అంటారో కంటికి తెలియదు.

#4 · తుప్పుచక్రం

రేకుగుర్రం గారితో నేను సగమే ఏకీభవిస్తాను. సాధారణంగా దొరికే వస్తువులకు ఆ పద్ధతి మంచిదే. కానీ చిల్లర బుట్టలో అరుదైనది కనిపించిందంటే రెండవ చుట్టు వరకు అది అక్కడ ఉండదు. అసలు తలుపులు తెరవడానికి ముందే అమ్మకందారులు ఒకరి బల్లల నుండి మరొకరు కొనుక్కుంటారు. ముందస్తు ప్రవేశానికి ఎక్కువ చెల్లించినవారు ఆ తరువాత వస్తారు. మనం మూడవ వరుసలో ఉంటాం. ఇంతమంది కళ్ళను దాటి మిగిలినది ఉంటే అది బల్ల కిందనో, మూతపెట్టిన పెట్టెలోనో, కలగాపులగంగా పోసిన బుట్ట అడుగునో ఉంటుంది. అద్దాల పెట్టెలో వరుసగా పేర్చినవాటికి ఎవరో అప్పటికే విలువ కట్టేశారు. బుట్టలో ఉన్నవాటికి ఇంకా ఎవరూ కట్టలేదు.

#5 · మూడవబల్ల

నేను బల్లకు అవతలి వైపు కూర్చునే మనిషిని. ఈ చర్చలో ఆ వైపు మాట కూడా ఉండాలనిపించి రాస్తున్నాను.

అడిగి ముట్టుకోండి. ముఖ్యంగా కీ ఇచ్చే బొమ్మలకు మా అనుమతి లేకుండా కీ తిప్పకండి. 60 ఏళ్ళుగా కదలని స్ప్రింగు ఒక్క తిప్పుతో తెగిపోవచ్చు, తెగితే ఆ నష్టం ఎవరిదనే వాదన ఎవరికీ మంచిది కాదు. కార్డు మీద అతికిన బొమ్మను వంచి చూడకండి. భూతద్దం తెచ్చేవారంటే మాకు కోపమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. లోపం అక్కడే చూసి కొన్నవారు తరువాత తగవుకు రారు. నాకు చిరాకు తెప్పించేది వస్తువును అరగంట చేతిలో ఉంచుకుని, వెనుక నిలబడినవారికి అవకాశం ఇవ్వకుండా ఫోనులో వెలలు వెతికేవారు.

బేరం విషయంలో ఒకే ఒక్క సూచన. ఒక్కొక్క వస్తువుకు విడివిడిగా బేరమాడకుండా నాలుగైదు ఏరి పక్కన పెట్టి గంపగుత్తగా అడగండి. సాయంత్రం సర్దుకునే వేళకు మాకు బరువైనవి, పెద్దవి తిరిగి మోసుకుపోవడం ఇష్టం ఉండదు కనుక అప్పుడు రేకు రైళ్ళు, బొమ్మరిళ్ళు వంటివి తేలికగా దిగివస్తాయి. చిన్న అరుదైన వస్తువుకు ఆ సూత్రం వర్తించదు. అది జేబులో పెట్టుకుని వెళ్ళిపోతాం.

#6 · కొత్తచూపు

అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలి ఉంది. నా దగ్గర ఒక హాట్ వీల్స్ కారు ఉంది. దాని అడుగున 1969 అని స్పష్టంగా పోతపోసి ఉంది. అది చూసే 1969 నాటిదని కొన్నాను. ఇక్కడ ఒక మిత్రుడు ఛాయాచిత్రం చూసి అది 1990ల నాటిదని అన్నారు. ముద్రించిన సంవత్సరాన్నే నమ్మకూడదంటే ఇక దేనిని నమ్మాలి?

#7 · తుప్పుచక్రం

ఈ ప్రశ్న మీరు షోకు ముందే అడగడం మంచిదైంది, ఎందుకంటే బల్లల దగ్గర జరిగే పొరపాట్లలో నేను ఎక్కువగా చూసినది ఇదే. అడుగున ఉండే సంవత్సరం చాలా సందర్భాలలో ఆ అచ్చుకు లేదా రూపకల్పనకు హక్కులు నమోదైన సంవత్సరం మాత్రమే. అచ్చు మారనంతకాలం ఆ అంకె కూడా మారదు. అందుచేత 1969 అని ఉన్న కారు 1969లోనూ పుట్టి ఉండవచ్చు, 30 ఏళ్ళ తరువాత పుట్టి ఉండవచ్చు. ఆ సంవత్సరం కన్నా ముందుది కాదని మాత్రమే ఆ అంకె మనకు హామీ ఇస్తుంది. బార్బీ బొమ్మల నడుము మీది 1966 కూడా ఇలాంటిదే. తిరిగే నడుము ఉన్న ఆ శరీరపు అచ్చును దశాబ్దాల పాటు వాడారు. 1990లలో తయారైన బొమ్మకు కూడా 1966 అని ఉండటం చూసి పొంగిపోయినవారు లెక్కలేనంతమంది.

కనుక సంవత్సరాన్ని పక్కన పెట్టి చక్రాలను, దేశం పేరును, సంస్థ పేరును చూడండి. మాటెల్ సంస్థ హాట్ వీల్స్‌ను 1968లో 16 నమూనాలతో మొదలుపెట్టింది. అప్పటి నుండి 1977 వరకు వచ్చిన కార్ల టైర్ల అంచున సన్నని ఎర్ర గీత ఉండేది. సేకరించేవారు వాటిని ‘రెడ్‌లైన్’ అంటారు. తొలి ఏళ్ళ కార్లకు మెరుగుపెట్టిన లోహం మీద పారదర్శకమైన రంగు పూసేవారు. లోపలి నుండి వెలుగు వచ్చినట్లు కనిపించే ఆ మెరుపును ఒకసారి చూసినవారు మామూలు రంగుతో పొరబడరు. అయితే 1993లో 25 ఏళ్ళ సందర్భంగా పాత నమూనాలను ఎర్ర గీత చక్రాలతోనే మళ్ళీ తెచ్చారు కనుక, గీత ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి.

మ్యాచ్‌బాక్స్ దగ్గర పని కొంత తేలిక. 1947లో మొదలైన లెస్నీ సంస్థ 1953లో ఆ చిన్న కార్ల వరుసను తెచ్చింది. సంస్థ భాగస్వామి జాక్ ఓడెల్ కుమార్తె చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే అనుమతించేవారట, అందుకని ఆయన ఒక చిన్న రోడ్డు రోలరును చేసి ఇచ్చారని, ఆ వరుసకు బీజం అదేనని చెబుతారు. తొలి కార్లకు లోహపు చక్రాలు, తరువాత బూడిద రంగు ప్లాస్టిక్ చక్రాలు, ఆ తరువాత నల్లవి వచ్చాయి. 1969లో హాట్ వీల్స్ పోటీని తట్టుకోవడానికి సన్నని ఇరుసులతో వేగంగా దొర్లే ‘సూపర్‌ఫాస్ట్’ చక్రాలు తెచ్చారు. 1982లో లెస్నీ దివాలా తీసి చేతులు మారింది. అడుగున ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’, ‘లెస్నీ’ అన్న మాటలు రెండూ ఉంటే 1982కు ముందుదని, మకావు అని ఉంటే తరువాతదని స్థూలంగా చెప్పవచ్చు. ఒకే కారు బూడిద చక్రాలతోనూ, నల్ల చక్రాలతోనూ వచ్చినప్పుడు బూడిద చక్రాలది చాలాసార్లు ఎక్కువ విలువ చేస్తుంది. సహజంగానే చక్రాలు మార్చి అమ్మేవారు తయారయ్యారు. ఇరుసు కొసలను చూడండి: కారంతా మాసిపోయి కొసలు మాత్రం తళతళలాడుతుంటే అవి నిన్ననో మొన్ననో నొక్కినవి.

#8 · రేకుగుర్రం

దేశం పేరు గురించి నా రేకు బొమ్మల వైపు నుండి కొంత చేర్చుతాను. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం వల్ల, 1891 నుండి అమెరికాకు దిగుమతి అయ్యే సరుకుల మీద తయారైన దేశం పేరు ఉండటం తప్పనిసరి అయింది. బొమ్మల మీద ‘జర్మనీ’ అన్న ముద్ర అంత తరచుగా కనిపించడానికి కారణం అదే. మార్క్లిన్, లేమన్, బింగ్ వంటి జర్మన్ బొమ్మల సంస్థలు పెద్ద ఎత్తున ఎగుమతి చేసేవి. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కి, 1990కి మధ్యది. ‘ఆక్యుపైడ్ జపాన్’ (ఆక్రమణలో ఉన్న జపాన్) అని ఉంటే 1952కు ముందుది. సంవత్సరం ముద్ర కన్నా ఈ మాటలు ఎన్నో రెట్లు నమ్మదగినవి, ఎందుకంటే అవి అచ్చు పుట్టిన కాలాన్ని కాక వస్తువు ఓడ ఎక్కిన కాలాన్ని చెబుతాయి. వీటికి కూడా నకళ్ళు ఉన్నాయని మరువకండి.

రేకు బొమ్మ నిజాయితీ దాని మడత నాలుకలలో ఉంటుంది. చదునైన రేకు మీద ముందుగా రంగుల బొమ్మను అచ్చువేసి, ఆ తరువాత కత్తిరించి, వంచి, చిన్న నాలుకలను చీలికలలో దూర్చి మడిచి రెండు సగాలను కలిపేవారు. ఆ నాలుకలు ఒకటి రెండుసార్ల మడతకే తట్టుకుంటాయి. ఎవరైనా లోపలి యంత్రాన్ని బాగుచేయడానికి విప్పితే మడత దగ్గర రంగు చిట్లి లోహం బయటపడుతుంది, లేదా నాలుక సగం విరిగి ఉంటుంది. బాగుచేయడం నేరం కాదు. బాగుచేశారని తెలిసి కొనడం, తెలియక కొనడం వేరు వేరు.

బ్యాటరీతో నడిచే జపాన్ రోబోల దగ్గర మూత తీసి లోపలి రేకులను తప్పక చూడండి. బ్యాటరీ కారి పచ్చగానో, తెల్లగానో పూత పట్టి ఉంటే, బయటి రంగులు ఎంత బాగున్నా లోపలి తీగలు తినేసి ఉంటాయి.

#9 · అట్టపెట్టె

నా పేరు చూస్తేనే నా పిచ్చి ఏమిటో తెలుస్తుంది. బొమ్మకన్నా పెట్టె ముందు చిరుగుతుంది, ముందు చెత్తలో పడుతుంది; అందుకే పెట్టె ఉన్న బొమ్మకు, లేని బొమ్మకు అంత అంతరం. ఆ అంతరం వల్లనే నకలు పెట్టెలు పుట్టాయి. వాటిని నకళ్ళని చెప్పి అమ్మేవారితో నాకు పేచీ లేదు. అదే పెట్టె మూడు చేతులు మారేసరికి అసలుదైపోవడంతోనే పేచీ.

చిన్న అతినీలలోహిత టార్చి ఒకటి తీసుకువెళ్ళండి. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే కొన్ని రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. అవి 1950ల నుండి వాడుకలోకి వచ్చాయి. కనుక 1930ల నాటిదని చెప్పే పెట్టె నీలంగా వెలిగితే అది నకలే. మీ 1965 కారు పెట్టె విషయంలో మాత్రం ఆ వెలుగు అనుమానానికి కారణమే తప్ప తీర్పు కాదు. తీర్పు భూతద్దం చెబుతుంది. అప్పటి పెట్టెల మీద నిండు రంగు ఉన్న చోట, అంటే అక్షరాలలోనూ, ఒకే రంగు పట్టీలలోనూ, సిరా ఏకంగా పరుచుకుని ఉంటుంది. ఈనాడు స్కాను చేసి ముద్రించిన పెట్టెలో అదే నిండు రంగు నాలుగు రంగుల చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది, అక్షరాల అంచులు గజిబిజిగా ఉంటాయి. పాత పెట్టెల మీది ఛాయాచిత్రాలలో కూడా చుక్కలు ఉంటాయి కనుక చిత్రాన్ని కాక అక్షరాన్ని పరీక్షించండి. ఇక మడతలు: నిజంగా 60 ఏళ్ళు గడిచిన పెట్టెకు మూతల మడతల దగ్గర అట్ట పొరలు మెత్తబడి, రంగు అరిగి ఉంటుంది. అంచులు మాసి మడతలు మాత్రం కొత్తగా ఉన్న పెట్టెను ఎవరో కావాలని ముసలిదాన్ని చేశారు.

#10 · రెండోచేయి

పైన తుప్పుచక్రం గారు విప్పిన కార్ల గురించి రాసిన తీరు చూస్తే, బాగుచేసే మాలాంటివారందరూ మోసగాళ్ళన్నట్లుంది. నేను పెచ్చులూడిన, చక్రాలు పోయిన, పిల్లలు ఇంటి రంగు పూసేసిన కార్లను తీసుకుని మళ్ళీ నిలబెడతాను. అవి నా చేతికి రాకపోతే తుక్కులోకి పోయేవి.

#11 · తుప్పుచక్రం

రెండోచేయి గారూ, నా ఉద్దేశం అది కాదు. అలా ధ్వనించి ఉంటే మన్నించండి. డైకాస్ట్ సేకరణలో దీనికి ఎప్పటినుండో ఒక పరిభాష ఉంది. తయారీదారు విడుదల చేసినది ఉన్నదున్నట్లుగా ఉంటే అది కోడ్ 1. తయారీదారు అనుమతితో మరొకరు మార్చినది కోడ్ 2. అనుమతి లేకుండా ఎవరైనా మార్చినది కోడ్ 3. మీరు చేసేవి కోడ్ 3 కార్లు. ఆ మాట చీటీ మీద రాసి పెడితే నేను కూడా ఆనందంగా కొంటాను. నా బాధ అంతా, మీ చేతి నుండి నిజం చెప్పి కొన్నవారు ఐదేళ్ళ తరువాత ఆ చీటీ తీసేసి అమ్మినప్పుడు జరిగేదాని గురించే.

#12 · రెండోచేయి

అది ఒప్పుకుంటాను. నేను రంగు వేసిన ప్రతి కారుకు అడుగు రేకు లోపలి వైపున తేదీ చెక్కుతాను. ఇప్పటి నుండి కనిపించేలా బయటి వైపున కూడా చిన్న గుర్తు పెడతాను. కానీ ఒక మాట మీరు కూడా ఒప్పుకోవాలి: నూటికి నూరుపాళ్ళు అసలు రంగుతో ఉన్నదాని మీద మాత్రం నేను కుంచె పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను. అరిగినా సరే, అసలు రంగు ఒక్కసారే ఉంటుంది.

#13 · గుడ్డఎలుగు

కార్ల మధ్య నా గొంతు చిన్నదే గాని, బట్ట బొమ్మలు, వినైల్ (మెత్తని ప్లాస్టిక్) బొమ్మలు కొనేవారికి రెండు మాటలు. జర్మన్ సంస్థ స్టైఫ్ చేసే ఎలుగుబంటి బొమ్మల చెవిలో గుండీ 1904 నుండి ఉంది. కానీ గుండీని ఊడదీసి మరో ఎలుగుకు కుట్టడం పెద్ద పని కాదు కనుక చెవి బట్టను, గుండీ చుట్టూ ఉన్న అరుగుదలను కలిపి చూడండి. బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. చెమ్మ వాసన ఎంత ఎండబెట్టినా పోదు. చిమ్మట పురుగుల భయం ఉంటే ఇంటికి వెళ్ళగానే గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఫ్రీజరులో రెండు వారాలు ఉంచిన తరువాతే మిగిలినవాటి పక్కన పెట్టండి. పాత బార్బీల చెవుల దగ్గర పచ్చదనం ఉంటే అది మురికి కాదు. రాగి ఉన్న చెవిపోగులు వినైల్‌లోకి దిగిన మరక. జిగటగా ఉన్న వినైల్ అంటే లోపల మెత్తదనం కోసం కలిపిన ద్రవం బయటికి వస్తోందని అర్థం. కడిగితే కొన్నాళ్ళు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా. అమెరికాలో బొమ్మల రంగులలో సీసాన్ని కట్టుదిట్టంగా పరిమితం చేసింది 1978లో. అంతకు ముందరి రంగు బొమ్మ ఏదైనా సరే, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అందకుండా ఉంచండి.

#14 · కొత్తచూపు

షో ముగిసింది. మీ అందరికీ లెక్క అప్పగించవలసి ఉంది కనుక వివరంగా రాస్తున్నాను.

మొదటి చుట్టులో ఎక్కడా ఆగకూడదని గట్టిగా అనుకుని వెళ్ళాను, ఏడవ బల్ల దగ్గరే ఆగిపోయాను. మొత్తం మీద మూడు డీబీ5లు కనిపించాయి. మొదటిది ధగధగలాడే బంగారు రంగులో, పెట్టెతో సహా ఉంది. దానిని చూసిన క్షణంలో మా పెదనాన్నగారి ఇంటి వరండా కళ్ళ ముందు కదిలి, మీరు చెప్పినవన్నీ ఒక్కసారిగా మరిచిపోయాను. అదృష్టవశాత్తు చేతిలో భూతద్దం ఉంది. తిరగేసి చూస్తే రివెట్ల నడిమధ్య గుండ్రని కొత్త మెరుపు. తలుపు అంచు సందులో కూడా అదే బంగారు రంగు, మందంగా, గడ్డకట్టి. పెట్టె మీది అక్షరాలలో చుక్కలు. అమ్మే ఆయనను అడిగితే ఆయన ఏమాత్రం తడబడకుండా, కారుకు రంగు వేశారని, పెట్టె నకలని చెప్పారు. నేను అడిగాను కనుక చెప్పారు. చీటీ మీద మాత్రం ఆ మాట లేదు.

రెండవది 271. పరిమాణం చూడగానే తెలిసిపోయింది. మీరు చెప్పకపోతే తెలిసేది కాదు.

మూడవది ఒక చిల్లర బుట్ట అడుగున, ఒక ట్రాక్టరు కింద తలకిందులుగా దొరికింది. బంగారు రంగు పైకప్పు అంచుల మీద, ముందు మూత మీద అరిగి బూడిద రంగు లోహం కనిపిస్తోంది. పెట్టె లేదు, మనిషి లేడు. కానీ రివెట్లు ఆరు దశాబ్దాల మాపుతో ఎవరూ ముట్టనట్లే ఉన్నాయి, పొగగొట్టం నొక్కితే కవచం లేచింది, మీట కదిపితే తుపాకులు వచ్చాయి, పైకప్పు కొంచెం మొరాయించి ఆ తరువాత ఠక్కున తెరుచుకుంది. దానినే తీసుకున్నాను.

అంతటితో ఇంటికి వచ్చి ఉంటే బాగుండేది. సాయంత్రం బల్లలు సర్దుతుండగా 1930ల నాటి డింకీ (బ్రిటన్‌లో తయారైన డైకాస్ట్ బొమ్మల వరుస) లారీ ఒకటి కనిపించింది. బాగా మురికిగా ఉంది, దాదాపు పూర్తి రంగుతో ఉంది, గంపగుత్తలో చివరి వస్తువుగా చేర్చి తీసుకున్నాను. ఇంటికి వచ్చి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపితే పక్క పలకల మీద వెంట్రుక మందపు గీతలు అడ్డదిడ్డంగా కనిపించాయి. బల్ల మీద పెడితే నాలుగు చక్రాలూ ఒకేసారి ఆనడం లేదు. అడుగు భాగం విల్లులా వంగి ఉంది. ఇది దెబ్బ తగలడం వల్ల జరిగినదా?

#15 · తుప్పుచక్రం

కారు విషయంలో అభినందనలు. లారీ విషయంలో మాత్రం మంచి మాట చెప్పలేను. అది దెబ్బ కాదు, ‘జింక్ పెస్ట్’ అనే లోహపు జబ్బు.

1934లో డింకీ అన్న పేరు వచ్చిన కాలంలో ఆ బొమ్మలను సీసం నుండి మజాక్ అనే మిశ్రమానికి మార్చారు. అందులో ఎక్కువ భాగం జింకు, కొంచెం అల్యూమినియం, కొద్దిగా రాగి, మెగ్నీషియం ఉంటాయి. జింకు బాగా శుద్ధమైనది అయితే ఆ పోత వందేళ్ళయినా చెక్కుచెదరదు. కరిగించే చోట చిటికెడు సీసం కలిసిందంటే, అది లోహపు రేణువుల మధ్య సందులలో చేరి, గాలిలోని చెమ్మతో కలిసి లోపలి నుండి తినడం మొదలుపెడుతుంది. లోహం ఉబ్బుతుంది, వంగుతుంది, గీతలు పడుతుంది, చివరికి వేళ్ళ మధ్య పొడి అవుతుంది. యుద్ధానికి ముందరి డింకీలలోనూ, అదే కాలపు హార్న్‌బీ బొమ్మ రైళ్ళలోనూ ఇది ఎక్కువ. దీనికి చికిత్స లేదు, జిగురు పెట్టినా లోపల పని ఆగదు. చెమ్మ లేని, వేడి హెచ్చుతగ్గులు లేని చోట ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే.

ఒక ఊరట ఏమిటంటే ఇది అంటురోగం కాదు. లారీని మీ కారు పక్కన పెట్టినంత మాత్రాన కారుకు రాదు. అలా వస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. లోపం పోతపోసిన రోజునే ఆ లోహంలో ఉంది.

ఇకముందు ఆ కాలపు బొమ్మ ఏది కనిపించినా బల్ల మీద చదునుగా పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో చూడండి, తరువాత టార్చిని పక్కవాటుగా పట్టి పలకల మీద గీతల కోసం వెతకండి. మురికి మీద గీతలు కనిపించవు. మురికిగా ఉన్నదానిని సాయంత్రపు వెలుతురులో చూశారు కనుక మీ కంటికి చిక్కలేదు. నాకు కూడా మొదటిది ఇలాగే వచ్చింది. దాని ముక్కలు ఇప్పటికీ ఒక సీసాలో ఉన్నాయి.

#16 · మూడవబల్ల

చిల్లర బుట్టలో ట్రాక్టరు కింద అని చదివి నవ్వుకున్నాను. ఆ బుట్ట నాదే కావచ్చు, ట్రాక్టరు అయితే నాదే. నాకు 261 ఉన్న సంగతే తెలియదు.

#17 · అట్టపెట్టె

కొత్తచూపు గారూ, ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ ఖాళీ కుర్చీని ఏమి చేయబోతున్నారు? కొత్తగా పోసిన నకలు మనుషులు సులువుగా దొరుకుతారు. కూర్చోబెడితే కారు పూర్తిగా కనిపిస్తుంది. కానీ తరువాత ఎవరికైనా ఇచ్చేటప్పుడు చెప్పవలసిన మాట ఒకటి పెరుగుతుంది.

#18 · రెండోచేయి

నా సలహా విచిత్రంగా అనిపించవచ్చు, కానీ ఖాళీగానే ఉంచండి. నకలు కొలతలలో వెంట్రుకవాసి తేడా ఉన్నా కుర్చీ ఇరుక్కుని ఆ స్ప్రింగు మీద భారం పడుతుంది. ఇన్నేళ్ళు నిలిచిన స్ప్రింగును ఒక నకలు మనిషి కోసం పోగొట్టుకోకండి.

#19 · కొత్తచూపు

నేను కూడా ఖాళీగానే ఉంచాలనుకున్నాను. రోజుకు ఒకసారి పైకప్పు తెరుస్తున్నానని మాత్రం ఒప్పుకోవాలి. ఎవరూ ఎగిరిపడటం లేదు, అయినా ఆ శబ్దం అప్పటిదే. లారీని బీరువా కింది అరలో విడిగా పెట్టాను. గీతలు ఎలా పెరుగుతాయో నెలకొకసారి ఛాయాచిత్రం తీసి ఇక్కడే పెడతాను, కొత్తగా వచ్చేవారికి చూపడానికి పనికివస్తుంది.

#20 · మూడవబల్ల

నా దగ్గర ఒక మూత డబ్బా ఉంది. పాత బుట్టల అడుగున మిగిలిన డ్రైవర్లు, సైనికులు, విడి చక్రాలు, పేరు తెలియని చిన్న మనుషులు అన్నీ 20 ఏళ్ళుగా అందులోనే పోస్తున్నాను. ఎన్నడూ వేరుచేసి చూడలేదు. తరువాతి షోకు ఆ డబ్బా తెస్తాను. మీరు కారును, భూతద్దాన్ని తీసుకుని తలుపులు తెరవగానే రండి. ఈసారి మాత్రం మొదటి చుట్టు తిరగనవసరం లేదు, నేరుగా మూడవ బల్లకు రండి.